మూడో పిలుపు

కాలేజీ గ్రౌండులో సున్నం గీతలు కరుణాకుమారి తన చేత్తోనే వేసుకుంటుంది. వేసే మనుషులు లేక కాదు. ఎవరు వేసినా గీత వంకరపోతుందనీ, వంకర గీత మీద ఆడిన పిల్ల ఆట కూడా వంకరపోతుందనీ ఆమె నమ్మకం. రెండు మేకుల మధ్య పురికొస బిగించి, చిల్లుల డబ్బా పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ వేస్తుంది. జూబ్లీహిల్స్‌లోని ఆ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్ళుగా ఆమె టెంపరరీ ఫిజికల్ డైరెక్టరు. ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగినవి ఆ గీతలూ, ఆ గీతల మధ్య పరిగెత్తే పదహారు మంది ఫుట్‌బాల్ పిల్లలూ.

ఎనభై ఎనిమిది నవంబరులో ఒక గురువారం పొద్దున, అప్పుడే వేసిన ఆ గీతల మీదే సినిమా వాళ్ళ వ్యాను వచ్చి ఆగింది.

వ్యానులోంచి ప్రొడక్షన్ మేనేజరు సుబ్రహ్మణ్యం దిగాడు. మెడలో తువ్వాలు, చంకలో ఫైలు, నోట్లో వక్కపొడి.

"నమస్కారమండీ మేడమ్‌గారూ. త్రినాథరావుగారు చెప్పే ఉంటారు."

"చెప్పారండీ. కాస్త ఆ చక్రాలు గీత మీంచి తీయించండి" అంది కరుణాకుమారి.

త్రినాథరావు ఆ కాలేజీ కరస్పాండెంటు. సినిమా తీస్తున్నది ఆయన బావమరిది. ముందురోజు గదిలోకి పిలిచి, "మీ పర్మనెంట్ ఫైలు నా టేబుల్ మీదే ఉందమ్మా. సోమవారం కమిటీ కూర్చుంటోంది" అన్నాడు. తర్వాత, "మావాడి సినిమాలో హీరోయిన్ ఫుట్‌బాల్ ప్లేయరు. మన గ్రౌండు కావాలట, ఆడే పిల్లొకతి కావాలట" అన్నాడు. ఆ రెండు మాటలకీ ఆయన ముడి పెట్టలేదు. మధ్యలో కాఫీ తాగాడు, అంతే. ముడి కరుణాకుమారే వేసుకుంది.

హీరోయిన్ పరిగెత్తగలదు, నవ్వగలదు, చెయ్యి ఊపగలదు. బంతి తన్నమంటేనే వచ్చింది చిక్కు. అందుకని మొహం ఆవిడది, కాళ్ళు ఇంకొకరివి కావాలి. ఎడమకాలి దెబ్బకి కాలేజీలో సాటి లేని పిల్ల కౌసల్య. బి.ఏ. ఆఖరి సంవత్సరం. రహమత్ నగర్ నుంచి నడిచి వస్తుంది. వాళ్ళమ్మ బాలమణి ఫిల్మ్ నగర్‌లో రెండు బంగళాల్లో అంట్లు తోముతుంది.

"నన్ను సినిమాల తీస్తరా మేడమ్?" కౌసల్య కళ్ళింత చేసుకుంది.

"నిన్ను కాదే. నీ కాళ్ళని."

"కాళ్ళయితేంది, నావే గద!" అని నవ్వి, బూట్లు వేసుకోవడానికి పరిగెత్తింది.

రెండు రోజులు అదే పని. కొబ్బరికాయ కొట్టారు, వెండి కాగితం అంటించిన అట్టలు పట్టుకుని ఎండని పిల్ల మీదికి తిప్పారు. కౌసల్య గోల్‌లోకి గట్టిగా కొడితే, "అంత బలంగా వద్దమ్మా, కెమెరా అందుకోలేకపోతోంది" అన్నారు. మెల్లగా కొడితే, "మరీ అంత మెల్లగానా, జనం నవ్వుతారు" అన్నారు. పదకొండు సార్లు తన్నించారు. ఒకసారి పిల్ల జారిపడితే ఎడమ మేజోడుకి బురద మరక అంటింది. ఆ పడటం డైరెక్టరుకి తెగ నచ్చేసింది. అసిస్టెంటు పరిగెత్తుకొచ్చి, "రేపు ఇదే మేజోడు, ఇదే మరక. ఉతికేవు సుమా!" అని గట్టిగా చెప్పాడు. ఇంటికి తీసుకెళ్ళి మేజోడు ఉతకకుండా దాచడం కౌసల్యకి మహా వింతగా ఉంది. చెట్టుకింద నిలబడి చూస్తున్న కరుణాకుమారి కూడా నవ్వింది.

శుక్రవారం మూడింటికి మబ్బు పట్టింది. అసలు గోల్ కొట్టే షాటు అలాగే ఉండిపోయింది.

సుబ్రహ్మణ్యం వక్కపొడి ఉమ్మేసి వచ్చాడు. "రేపు ఎనిమిదింటికి మళ్ళీ పెట్టుకున్నామండీ. హీరోయిన్‌గారి కాల్షీటు రేపటితో సరి. రాత్రి మద్రాసు వెళ్ళిపోతారు."

"రేపు కుదరదండీ. రేపు యూనివర్సిటీ టీముకి సెలక్షన్లు. అదీ ఎనిమిదింటికే. కావాలంటే ఇంకో అమ్మాయిని ఇస్తాను."

"కంటిన్యుటీ మేడమ్! నిన్న ఒక పిక్క, రేపు ఇంకో పిక్క కనబడితే నేల టిక్కెట్టువాడు కూడా కనిపెట్టేస్తాడు. ఈ పిల్లే కావాలి." ఆయన గొంతు తగ్గించాడు. "పోనీ త్రినాథరావుగారికి ఫోను చేసి అడగమంటారా?"

"వద్దండీ" అంది కరుణాకుమారి.

చెయ్యమని ఉంటే ఏమయ్యేదో ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది. బహుశా ఆయనే, పిల్ల చదువు ముఖ్యం అని వదిలేసేవాడేమో. అడిగి కాదనిపించుకోవడానికి కూడా ధైర్యం ఉండాలి. సోమవారం మూడు రోజుల్లో ఉంది. ఆ ధైర్యం ఆమెకి లేకపోయింది.

కౌసల్య గోల్‌పోస్టు కింద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుతోంది. కరుణాకుమారి వెళ్ళి పక్కనే చతికిలబడింది.

"రేపు కూడా ఉండమంటున్నారమ్మా."

"రేపు సెలక్షన్ గద మేడమ్."

"సెలక్షన్ కమిటీలో నేనున్నాను కదే. నీ ఆట యూనివర్సిటీ పట్టాభిరామయ్యగారు ఎరగంది కాదు. నీ పేరు నేను రాయిస్తా."

కౌసల్య తాడు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. రైల్వేలో స్పోర్ట్స్ కోటా కింద ఉద్యోగాలున్నాయనీ, యూనివర్సిటీ టీముకి ఆడిన సర్టిఫికెట్టు ఉంటే తప్ప అప్లికేషను కూడా తీసుకోరనీ ఆ పిల్లకి చెప్పింది కరుణాకుమారే. వచ్చే ఏడు కాలేజీ ఉండదు. ఉన్నది ఈ ఒక్క అవకాశం.

"పక్కానా మేడమ్?"

"పక్కా" అంది కరుణాకుమారి.

ఆ పిల్ల ఇంకోసారి అడగలేదు.

*

శనివారం యూనివర్సిటీ గ్రౌండు అంచున బల్ల, మూడు కుర్చీలు, మట్టి కుండలో నీళ్ళు. మధ్య కుర్చీలో పట్టాభిరామయ్య. యూనివర్సిటీ ఫిజికల్ డైరెక్టరు, రిటైర్మెంటుకి రెండేళ్ళున్నాయి, మెడలో ఈల, జేబులో రెండు పెన్నులు, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. పేరు పిలిచి ఈల వేస్తాడు. అలా మూడుసార్లు. మూడో పిలుపుకీ పిల్ల గీత దగ్గరికి రాకపోతే, ఆ కాలేజీ వాళ్ళు కారణం చెప్పాలి. కారణం ఉంటే నీలం, లేకపోతే ఎరుపు. ఎర్ర సిరా పడిందంటే ఆ ఏటికి ఆ పిల్ల కథ ముగిసినట్టే.

ఏం చెప్పాలో కరుణాకుమారి బస్సులోనే కూడబలుక్కుంది. "కాలేజీ పని మీద ఆగిపోయింది సార్, దాని ఆటకి నేను పూచీ" అనాలి. అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. కర్ర విరక్కుండా పాము చచ్చే మాట.

బల్ల దగ్గర కూర్చోగానే పట్టాభిరామయ్య లిస్టు తిరగేస్తూ అన్నాడు. "విన్నావా అమ్మా, మొన్న ఒక పి.డి. తన టీముని తీసికెళ్ళి షూటింగుకి అప్పజెప్పాడట. సీజను మధ్యలో! మా కమిటీలోంచి వాణ్ణి తీసేసి, వాళ్ళ ప్రిన్సిపాలుకి ఉత్తరం రాశాను. ఇది ఆటస్థలమా, నాటకాల కంపెనీయా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కరుణాకుమారి చీర చెంగు సవరించుకుంది.

ఇరవై నలుగురు పిల్లలు వచ్చారు. గోల్‌పోస్టు పక్కన తమ కాలేజీ కెప్టెను తెరెసా, గోలీ, బంతి చేతుల్లో పట్టుకుని తన వంతు కోసం చూస్తోంది. బల్లకి పది అడుగుల దూరం.

"కౌసల్య!" ఈల. "కౌసల్య!" ఈల. మూడోసారి ఆయన లేచి నిలబడి పిలిచాడు. గ్రౌండు చివర గేటు వైపు అందరూ చూశారు. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు అందరూ కరుణాకుమారి వైపు చూశారు.

"మీ పిల్లే కదమ్మా. ఎక్కడ?"

కూడబలుక్కున్న వాక్యం నోటి దాకా వచ్చింది. కాలేజీ పని అంటే ఏం పని అంటాడు. శనివారం ఏం పని అంటాడు.

"తెలీదు సార్."

"నీక్కూడా చెప్పకుండా మానేసిందా?"

ఆమె తల ఊపింది. ఊపానని ఆమెకి ఊపిన తర్వాత తెలిసింది. పట్టాభిరామయ్య జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, 'సమాచారం లేకుండా గైర్హాజరు' అని రాసి, కింద గీత గీశాడు. "బాగా ఆడే పిల్లలకే ఈ పొగరు" అని, తర్వాతి పేరు పిలిచాడు.

సరిగ్గా ఆ వేళకి జూబ్లీహిల్స్‌లో, కరుణాకుమారి వేసిన గీతల మధ్య, మురికి మేజోడు తొడుక్కుని కౌసల్య గోల్ కొడుతూ ఉంటుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఎక్కడుందో, ఏ పోస్టు వైపు ఉందో కూడా తెలుసు.

*

ఆదివారం చర్చిలో బల్ల ఆరాధన. భర్త ఏసుకుమార్ లేచి రొట్టె, ద్రాక్షారసం కోసం వరసలో నిలబడుతూ వెనక్కి చూశాడు. కరుణాకుమారి లేవలేదు.

"ఒంట్లో బాలేదా?" అన్నాడు తిరిగొచ్చి.

"బాగానే ఉంది. ఈ పూట తీసుకోబుద్ధి కాలేదు" అంది ఆమె. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె బల్ల మానలేదు. ఆరాధన అయ్యాక స్కూటరు మీద వెంగళరావు నగర్‌లోని ఇంటికి వచ్చేశారు.

సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద యూనివర్సిటీ లిస్టు. పదహారు పేర్లు. తెరెసా పేరుంది. కౌసల్య పేరు లేదు. కరుణాకుమారి ఆ లిస్టు తన చేత్తోనే పిన్ను గుచ్చి, ఆటసామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. గాలి పోయిన బంతి ఒకటి ముందేసుకుని, తోలు కుట్టు విప్పి, లోపలి బ్లాడరు బయటికి లాగింది. చేతికేదో పని కావాలి కదా!

తలుపు తోసుకుని కౌసల్య వచ్చింది. ఏడ్చిన మొహం కాదు. చేతిలో స్టీలు డబ్బా.

"అమ్మ సర్వపిండి చేసి పంపింది మేడమ్. పొద్దుగాలనే లేసి చేసింది. మేడమ్ నీ కోసం అంత చేస్తున్నది, ఉత్త చేతుల్తోని ఎట్ల పోతవ్ అన్నది."

"లిస్టు చూశావా?"

"జూసిన." కౌసల్య డబ్బా బల్ల మీద పెట్టింది. మూత సరిగ్గా ఉందో లేదో వేలితో నొక్కి చూసింది. "మీరు నా గురించి మస్తు కొట్లాడి ఉంటరు. సార్ ఇనలేదు గావచ్చు. గంతే గదా మేడమ్?"

కరుణాకుమారి బ్లాడరు గొట్టానికి దారం చుడుతోంది. అవసరమైన దానికంటే రెండు చుట్లు ఎక్కువే చుట్టింది.

"నీళ్ళు తాగి క్లాసుకి వెళ్ళమ్మా" అంది చివరికి.

కౌసల్య ఇంకాసేపు నిలబడింది. ఆమె తలెత్తుతుందేమోనని చూసినట్టుంది. తర్వాత వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి త్రినాథరావు పిలిచి, పొడుగాటి కవరు చేతిలో పెట్టాడు. "కంగ్రాచులేషన్సమ్మా. ఇవాళ్టి నుంచి మీరు పర్మనెంటు. షాటు బ్రహ్మాండంగా వచ్చిందని మావాడు ఒకటే పొగడ్త. వారంలోగా జాయినింగ్ రిపోర్టు ఇచ్చెయ్యండి."

తొమ్మిదేళ్ళుగా ఆ కవరు కోసం ఎదురుచూసింది కరుణాకుమారి. అందిన రోజున ఏదో ఒక తీపి చేసి పిల్లలందరికీ పంచాలనుకునేది. ఆటసామాన్ల గదికి తిరిగొచ్చి డబ్బా మూత తీసింది. శనగపప్పు, నువ్వులు, కరివేపాకు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మిగిలిన ముక్క డబ్బాలో పెట్టేసి మూత వేసింది. సిగ్గేసింది, తన మీద తనకి రోత పుట్టింది. పెద్ద అబద్ధం ఆడే మనిషిని కాననుకుంది ఇన్నాళ్ళూ. నిజమే, పెద్దదేం ఆడలేదు. రెండే మాటలు.

*

మంగళవారం ఆమె కాలేజీకి సెలవు పెట్టి యూనివర్సిటీకి వెళ్ళింది. పట్టాభిరామయ్య తన గదిలో బంతులు లెక్కబెట్టిస్తున్నాడు. ఆమె కాగితం ఇచ్చింది. రాసింది నాలుగు ముక్కలే. శనివారం కౌసల్య రాకపోవడానికి కారణం తనేననీ, షూటింగుకి తనే ఆపాననీ, ఎక్కడుందో తెలిసే తెలీదని చెప్పాననీ.

ఆయన రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నోటితో చెప్పి వెళ్ళిపోవచ్చు కదమ్మా. నేనూ మర్చిపోయేవాణ్ణి."

"అందుకే రాసుకొచ్చాను సార్."

"ఫైల్లోకి పోయిందంటే మీ కాలేజీకి కబురు పోతుంది. నేనే ఫోను చెయ్యాల్సొస్తుంది. కమిటీలో ఇక నీకు కుర్చీ ఉండదు."

"చెయ్యండి సార్. ఎర్ర సిరా మాత్రం కొట్టెయ్యండి."

ఆయన కిటికీలోంచి గ్రౌండు వైపు చూశాడు. "కొట్టేసినంత మాత్రాన టీములోకి రాదమ్మా. లిస్టు గురువారం సంతకానికి పోతుంది. రేపు పొద్దున ఆరున్నరకి మీ పిల్లనీ, పదహారో పేరు పిల్లనీ పక్కపక్కన ఇరవై నిమిషాలు ఆడిస్తాను. ఎవరు నిలబడితే వాళ్ళు."

పదహారో పేరు ఎవరిదో కరుణాకుమారి అడగలేదు. ఎవరిదైనా ఆ పిల్లకీ ఒక తల్లి ఉంటుంది. తన తప్పు తను దిద్దుకోబోతే అది ఇంకొకరి నెత్తిన పడుతోంది. ఆ సంగతి కూడా మోసుకునే బస్సెక్కింది.

రహమత్ నగర్‌లో కౌసల్య వాళ్ళది రేకుల గది. ముందు చిన్న అరుగు. బాలమణి ఇంకా పని నుంచి రాలేదు. దండెం మీద ఉతికిన మేజోళ్ళు ఆరుతున్నాయి. కౌసల్య అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. మేడమ్‌ని చూసి లేచి, ముక్కాలిపీట తెచ్చి వేసింది.

కరుణాకుమారి కూర్చోలేదు. "నీకొక మాట చెప్పాలి" అని మొదలుపెట్టి, నిలబడే చెప్పింది. శుక్రవారం ఫోను వద్దన్నది, సోమవారం కవరు అందుకున్నది, మధ్యలో శనివారం మూడో పిలుపుకి తను అన్న మాట. ఏదీ దాచలేదు. చెప్పేశాక పిల్ల ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. దేనికైనా సిద్ధపడే వచ్చింది.

కౌసల్య చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది.

"ఎరుకే మేడమ్."

"ఏంటీ?"

"తెరెసా ఆడనే ఉండె గద. శనివారం మాపటికే వచ్చి చెప్పింది."

కరుణాకుమారి పీట మీద కూలబడింది. "మరి నిన్న డబ్బా తెచ్చి, కొట్లాడి ఉంటారని..."

"మీరే చెప్తరని జూసిన. తలకాయ లేపుతరు, ఇప్పుడు చెప్తరు అనుకున్న. చెప్పలే." పిల్ల గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండును. "అమ్మకైతే చెప్పలే. చెప్తే ఆమె ఇగ ఏ మేడమ్‌ను నమ్మది."

వీధిలో ఎవరో బిందె పెట్టి పంపు కొడుతున్నారు. కౌసల్య మళ్ళీ బియ్యం ఏరసాగింది.

"రేపు ఆరున్నరకి సార్ ఆడించి చూస్తారట" అంది కరుణాకుమారి. "ఆరింటికల్లా నేను ఆటో తీసుకొస్తాను. ఎడమ కాలు ముందు బాగా సాగదియ్యి. రాత్రి..."

"తెరెసా, నేను బస్సుల పోతం మేడమ్." కౌసల్య చేట పక్కన పెట్టింది. "మీరు రాకుండ్రి."

"దూరంగా నిలబడతానే. గేటు దగ్గరే..."

"వద్దు మేడమ్. మీరు ఆడ నిలబడితే నాకు బంతి కనవడది. మీరు ఎటు జూస్తున్నరో అనే జూస్త."

*

బుధవారం ఆరింటికే కరుణాకుమారి కాలేజీ గ్రౌండుకి వచ్చింది. షూటింగు వ్యాను చక్రాలు తొక్కేసిన గీతలు అక్కడక్కడా మిగిలాయి. వాటిని చీపురుతో ఊడ్చేసి, డబ్బాలో సున్నం నింపి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి వచ్చింది కానీ, ఎండని బట్టి ఆరున్నర ఎప్పుడయిందో తెలిసిపోయింది. తొమ్మిదేళ్ళలో తన పిల్ల ఒకతి ఆడుతుండగా తను గీత పక్కన లేకపోవడం ఇదే మొదటిసారి. పెదాలు కదిలాయి. ఎడమ, ఎడమ, ఇప్పుడు కొట్టు. ఎవరికీ వినబడలేదు.

తొమ్మిదవుతుండగా ప్యూను వచ్చాడు. "మేడమ్, త్రినాథరావు సారు పిలుస్తుండ్రు. నిన్న మాపటికి యూనివర్సిటీ నుంచి ఫోనొచ్చిందట. సోమారం ఇచ్చిన కవరు తీస్కొని రమ్మన్నరు."

"ఈ గీత అయ్యాక వస్తానని చెప్పు" అంది. కవరు సంచిలోనే ఉంది. జాయినింగ్ రిపోర్టు ఆమె రాయనే లేదు.

ప్యూను వెనకే గేటులోంచి కౌసల్య వచ్చింది. మోకాలి దాకా ఎర్రమట్టి, జుట్టు చెదిరి ఉంది. తిన్నగా గ్రౌండు మధ్యకి నడిచొచ్చి, మూడడుగుల దూరంలో ఆగింది.

"పేరు రాసుకున్నరు మేడమ్. నీలం పెన్నుతోని."

కరుణాకుమారి డబ్బా రెండు చేతులా పట్టుకుంది. దగ్గరికి తీసుకోవాలనిపించింది. ఆ మూడడుగులూ దాటడానికి కాలు రాలేదు. "మంచిదమ్మా" అంది.

"ఆ పదహారో పిల్ల మస్తు ఏడ్చింది." కౌసల్య సంచిలోంచి బూట్లు తీసి గడ్డి మీద జతగా పెట్టింది. మట్టి దులిపి, తాళ్ళు మడిచి లోపలికి దోపి ఉన్నాయి. "ఇవి కాలేజీవి. ఆడ కొత్తవి ఇస్తరట. ఇంకెవరికన్న ఇయ్యిండ్రి."

వెళ్ళబోతూ ఆ పిల్ల కిందికి చూసింది. గోల్‌పోస్టు నుంచి మధ్య గీత దాకా సున్నం వెంట చూపు పోనిచ్చింది.

"గీత వంకర వోయింది మేడమ్" అని చెప్పి, క్లాసుకి వెళ్ళిపోయింది.

కరుణాకుమారి వెనక్కి తిరిగి చూసింది. నిజమే. పురికొస కట్టడమే మర్చిపోయింది. చీపురు తెచ్చి గీతంతా చెరిపేసి, మేకు పాతి, కొస చివర ముడి వేసి, మళ్ళీ గోల్‌పోస్టు దగ్గర్నుంచి మొదలుపెట్టింది.